ఏ పికప్ ఎక్కువ కాలం మన్నుతుంది? బ్రాండ్ల గొడవలోంచి పనికొచ్చే జవాబు తీసే పద్ధతి

పికప్ ట్రక్కులు నడిపేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఈ గొడవ మొదలవడానికి పది నిమిషాలు చాలు. ఒకాయన టయోటా తప్ప వేరే మాట వినడు. ఇంకొకాయన తన ఫోర్డ్ మూడు లక్షల మైళ్లు తిరిగినా ఇంజిన్ ఇప్పలేదంటాడు. మూడో ఆయన కమిన్స్ ఇంజిన్ ముందు మిగతావన్నీ ఆటబొమ్మలేనని తేల్చేస్తాడు. తమాషా ఏంటంటే, ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు, అంతే.

పాత బండి కొనబోయేవాళ్లకీ, కొత్తది కొని పదిహేనేళ్లు ఉంచుకుందామనుకునేవాళ్లకీ ఈ వాదన కాలక్షేపం కాదు. అందుకే దాన్ని ఒక పద్ధతిలో పెట్టి చూపిస్తాను. నేనూ ఒకసారి బ్రాండ్ పేరు చూసి కళ్లు మూసుకుని కొన్నవాణ్ణే. ఆ సంగతి కింద వస్తుంది.

మొదటి అడుగు: "మన్నిక" అంటే మీ లెక్కలో ఏంటో తేల్చుకోండి

ఒకరికి మన్నిక అంటే మీటరు మీద అంకె. ఇంకొకరికి ఏళ్లు. ఏడాదికి నాలుగు వేల మైళ్లు మాత్రమే తిరిగి, మంచు దేశంలో ఉప్పు చల్లిన రోడ్ల మీద ఇరవై ఏళ్లు ఉన్న బండి ఇంజిన్ పరంగా కొత్త పెళ్లికొడుకులా ఉండొచ్చు, కింద ఛాసిస్ (ఇనుప చట్రం) మాత్రం పొరలు పొరలుగా రాలిపోతూ ఉండొచ్చు. మరొకరికి మన్నిక అంటే పెద్ద రిపేరు లేకుండా నడవడం. రెండుసార్లు గేర్‌బాక్స్ మార్చి నాలుగు లక్షల మైళ్లు నడిపిన బండిని మన్నికైనదని అనాలా వద్దా అన్నది మీ ఓపిక మీద ఆధారపడిన విషయం.

నా కొలత ఇది: ఇంజిన్, గేర్‌బాక్స్, ఛాసిస్, ఈ మూడూ విప్పకుండా, అతకకుండా బండి ఎంత దూరం, ఎన్నేళ్లు పోతుంది? మిగతావి అంటే ఆల్టర్నేటర్, వాటర్ పంప్, సస్పెన్షన్ బుష్‌లు అరిగే సామాన్లు. వాటి మీద గొడవ పడటం దండగ. మీ కొలత వేరే అయినా పర్వాలేదు కానీ, వాదనకి దిగేముందే అవతలివాళ్లకి చెప్పండి. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

రెండో అడుగు: బ్రాండ్‌ని పక్కన పెట్టి బండిని ముక్కలు చేయండి

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన అడుగు, జనం ఎక్కువగా దాటేసేదీ ఇదే. ముందు బోనెట్ మీద ఉన్న పేరూ, లోపల ఉన్న ఇంజిన్ తయారుచేసిన పేరూ ఒకటే కానక్కర్లేదు.

డాడ్జ్ రామ్‌నే తీసుకోండి. 1989లో అందులోకి 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ వచ్చింది. కమిన్స్ వేరే కంపెనీ, ఇంజిన్లు చేయడమే దాని పని. 1998 మధ్య దాకా వచ్చిన ఆ 12 వాల్వుల ఇంజిన్‌కి ఇంధనం పంపే పంపు పూర్తిగా మెకానికల్. ఎలక్ట్రానిక్స్ లేవు, సెన్సార్ పోయి రోడ్డు మధ్యలో ఆగడం అనే మాటే లేదు. ఆ ఇంజిన్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. కానీ ఆ బలానికి అప్పటి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు తట్టుకోలేకపోయాయి. ఇంజిన్ బతికుండగానే గేర్‌బాక్స్ పోయేది, క్యాబిన్ మూలలు తుప్పు పట్టేవి, డాష్‌బోర్డు పగిలిపోయేది. ఇప్పుడు చెప్పండి, "రామ్ మన్నుతుందా?" ఇంజిన్‌ని అడిగితే అవును. బండిని అడిగితే నసుగుతుంది.

అదే ఇంజిన్‌లో కూడా తేడా ఉంది. 1998 మధ్యలో 24 వాల్వులు పెట్టారు, దాంతో పాటే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పంపు వచ్చింది. ట్యాంకు నుంచి డీజిల్ తోసే చిన్న లిఫ్ట్ పంపు బలహీనపడితే, సరిపడా డీజిల్ అందక ఖరీదైన పెద్ద పంపు కూడా పోయేది. పేరు కమిన్సే, బండి రామే. కానీ ఒక ఏడాది తేడాతో కథ మారిపోయింది.

ఇంకో చిత్రం. ప్రపంచ మార్కెట్లో చాలా పికప్‌లు అన్నదమ్ములే, ఇంటిపేర్లే వేరు. 2020 నుంచి వచ్చిన మాజ్డా బీటీ-50 లోపలంతా ఇసుజు డీ-మాక్స్. అంతకు ముందు వచ్చిన బీటీ-50 ఫోర్డ్ రేంజర్‌కి తోబుట్టువు. మెర్సిడెస్ ఎక్స్-క్లాస్ అని 2017లో ఒకటి వచ్చింది, దాని పునాది నిస్సాన్ నవారా. ఇప్పటి ఫోక్స్‌వ్యాగన్ అమరోక్ మళ్లీ రేంజరే. ఫియట్ ఫుల్‌బ్యాక్ అయితే మిత్సుబిషి ఎల్200కి వేరే బ్యాడ్జి తగిలించినట్టే. "మాజ్డా గట్టిది, ఇసుజు కాదు" అని ఎవరైనా 2021 బండ్ల గురించి వాదిస్తుంటే, టీ పూర్తయ్యేదాకా విని ఊరుకోండి.

కాబట్టి కాగితం మీద మూడు గడులు గీయండి: ఇంజిన్, గేర్‌బాక్స్, ఛాసిస్. మీరు చూస్తున్న మోడల్‌కి ఒక్కో గడిలో ఏముందో కంపెనీ ఇచ్చే కోడ్‌తో సహా రాయండి. ఇకమీదట వెతకాల్సింది ఆ కోడ్‌ల గురించే, బ్రాండ్ గురించి కాదు.

మూడో అడుగు: ఏళ్ల సరిహద్దులు గీయండి

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్న సామెత పికప్ ప్రకటనలకి సరిగ్గా అతుకుతుంది. ముప్పై ఏళ్ల కిందటి మోడల్ సంపాదించిన పేరు మీద ఈ ఏడాది మోడల్ అమ్ముడవుతుంది.

ఫోర్డ్ భారీ పికప్‌ల కథ దీనికి మంచి ఉదాహరణ. 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ 1994 నుంచి 2003 దాకా వచ్చింది, గట్టిదని పేరు తెచ్చుకుంది. దాన్ని తయారుచేసిన నావిస్టార్ కంపెనీయే తర్వాత 6.0 లీటర్ల ఇంజిన్ ఇచ్చింది. 2003 నుంచి 2007 దాకా వచ్చిన ఈ ఇంజిన్‌లో ఆయిల్ కూలర్ మూసుకుపోవడం, దాని వెనకే, పొగని చల్లార్చి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ కూలర్ పగలడం, చివరికి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోవడం మామూలైపోయింది. బండి అదే, బ్యాడ్జి అదే, ఇంజిన్ చేసినవాళ్లూ వాళ్లే. 2003లో రెండు ఇంజిన్లూ అమ్మారు కాబట్టి ఆ ఏడాది బండి కొనేటప్పుడు బోనెట్ ఎత్తి చూడకుండా మాట్లాడటానికే లేదు.

పెట్రోల్ వైపు సిలిండర్‌కి మూడు వాల్వులున్న 5.4 లీటర్ల ట్రైటన్ ఇంజిన్ ఉంది, ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌లో 2004 నుంచి 2010 దాకా. తొలి ఏళ్ల ఇంజిన్లలో స్పార్క్ ప్లగ్ విప్పబోతే సగం చేతికొచ్చి సగం లోపలే ఉండిపోయేది. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే క్యామ్ ఫేజర్లు టకటకమనేవి. ఆ తర్వాత వచ్చిన 5.0 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) గురించి అలాంటి చెడ్డపేరు లేదు. ఎఫ్-150 అనే ఒకే పేరు కింద ఈ రెండూ ఉన్నాయి.

జనరల్ మోటార్స్ వీ8లకి మంచి పేరుండేది, ఉంది కూడా. కానీ 2007 ప్రాంతం నుంచి ఇంధనం ఆదా కోసం నడుస్తుండగానే సగం సిలిండర్లు ఆపేసే ఏర్పాటు విస్తృతంగా పెట్టారు. దానికోసం వాడే, వాల్వుల్ని ఎత్తే ప్రత్యేకమైన లిఫ్టర్లు ఇరుక్కుపోయి క్యామ్‌షాఫ్ట్‌ని గీకేయడం వాటితో వచ్చిన తలనొప్పి. ఇక 2025 ఏప్రిల్‌లో 6.2 లీటర్ల వీ8 ఉన్న 2021–24 బండ్లను ఒక్క అమెరికాలోనే దాదాపు 6 లక్షలు రీకాల్ చేశారు, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచారు. కారణం క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ బేరింగుల లోపాలు. తనిఖీలో నెగ్గిన ఇంజిన్లకి అంతకుముందు కంటే చిక్కటి ఆయిల్ పోయమన్నారు.

టయోటా అభిమానులు ఇక్కడ నవ్వుకోవద్దు. 2024 మేలో దాదాపు 1,02,000 టయోటా టండ్రా పికప్‌లు, ఆ కంపెనీవే అయిన లెక్సస్ ఎల్‌ఎక్స్ ఎస్‌యూవీలు రీకాల్ అయ్యాయి. 2022–23 మోడళ్లలో పెట్టిన కొత్త ట్విన్ టర్బో వీ6లో, తయారీలో చెక్కిన లోహపు పొడి శుభ్రం కాకుండా ఉండిపోయి బేరింగులు తినేస్తోందన్నది సమస్య. అంతకు ముందు 2007 నుంచి 2021 దాకా ఉన్న 5.7 లీటర్ల వీ8 పేరు మీదే ఈ కొత్త బండీ అమ్ముడైంది.

ఇక ఛాసిస్. తొలి తరం టకోమా పికప్ ఛాసిస్‌లు తుప్పుకి చిల్లులు పడటంతో 2008లో టయోటా 1995–2000 మోడళ్లకి తుప్పు వారంటీని 15 ఏళ్లకి పెంచింది, మరీ పాడైన బండ్లను వెనక్కి కొనేసింది. 2016లో 2005–10 టకోమాలు, 2007–08 టండ్రాల ఛాసిస్‌ల మీద పడ్డ దావాని సుమారు 340 కోట్ల డాలర్ల విలువైన ఒప్పందంతో పరిష్కరించుకుంది. ఇంజిన్ అమరం, కింద ఛాసిస్ జల్లెడ. నమ్మకానికి మారుపేరైన కంపెనీలోనే ఇది జరిగిందంటే, ఏ పేరునీ గుడ్డిగా నమ్మకూడదనేగా.

నాలుగో అడుగు: అంకెల్ని సరిగ్గా చదవండి

వాదనలో ఎవరో ఒకరు ఫోన్ తీసి ఒక జాబితా చూపిస్తారు. మంచిదే, కానీ ఆ జాబితా ఏం కొలిచిందో అడగండి.

పాత కార్ల అమ్మకాల సమాచారం విశ్లేషించే ఐసీకార్స్ 2022లో ఒక లెక్క ఇచ్చింది. ప్రతి మోడల్లోనూ అత్యధికంగా తిరిగిన 1 శాతం బండ్లు ఎన్ని మైళ్ల దాకా వెళ్తున్నాయో చూసింది. టండ్రా దాదాపు 2,56,000 మైళ్లు, హోండా రిడ్జ్‌లైన్ 2,48,000, టకోమా 2,35,000, ఎఫ్-150 2,32,000, షెవర్లే సిల్వరాడో 1500 దాదాపు 2,30,000. మొదటి దానికీ చివరి దానికీ తేడా 26,000 మైళ్లు. మామూలుగా వాడేవాళ్లకి అది రెండేళ్ల తిరుగుడు. ఎగిరెగిరి కొట్టుకునేంత తేడా ఇది కాదు. పైగా ఇది ఒక్క శాతం బండ్ల కథ. క్లాసులో ఫస్టొచ్చిన పిల్లాణ్ణి చూసి బడి మొత్తానికి మార్కులు వేయడం లాంటిది. ఆ బండి ఆ దూరం వెళ్లడానికి ఎన్ని రిపేర్లు పట్టాయో కూడా ఇందులో ఉండదు.

జేడీ పవర్ వాళ్ల మన్నిక సర్వే పేరుకి మన్నికే కానీ, అడిగేది మూడేళ్ల వయసున్న బండ్ల యజమానుల్ని. ప్రతి 100 బండ్లకి ఎన్ని సమస్యలన్నది కొలత. ఫోన్ స్క్రీన్‌కి కనెక్ట్ కాకపోయినా సమస్యే, గేర్‌బాక్స్ జారినా సమస్యే. పదిహేనేళ్ల ప్రశ్నకి మూడేళ్ల జవాబు చాలదు. కన్స్యూమర్ రిపోర్ట్స్ తమ సభ్యుల్ని అడిగి, ఏ భాగంలో సమస్య వచ్చిందో విడదీసి చూపిస్తుంది. అలా విడదీయడమే నాకు నచ్చుతుంది. మొత్తం స్కోరు వదిలేసి ఇంజిన్, ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) వరసలు మాత్రం చూడండి.

రీకాల్‌ల సంఖ్యని మాత్రం వాదనలో వాడకండి. రీకాల్ ఎక్కువగా భద్రతకి సంబంధించింది. వెనక కెమెరా సాఫ్ట్‌వేర్ కోసం వచ్చే రీకాల్‌కి మన్నికతో సంబంధమే లేదు. మోడల్ పేరుతో కాక బండికున్న 17 అక్షరాల గుర్తింపు నంబరు వీఐఎన్‌తో వెతికి, పెండింగ్ రీకాల్ పని చేయించారో లేదో తెలుసుకోవడమే దాని అసలు ఉపయోగం.

ఐదో అడుగు: పది లక్షల మైళ్ల కథల్ని విప్పి చూడండి

ప్రతి బ్రాండుకీ ఒక చిరంజీవి ఉంటుంది. 2007 టండ్రా ఒకటి 2016 నాటికి పది లక్షల మైళ్లు, అంటే దాదాపు 16 లక్షల కిలోమీటర్లు తిరిగింది. పరీక్షించి చూడటానికి టయోటాయే దాన్ని వెనక్కి తీసుకుంది. 1991 షెవర్లే సిల్వరాడో ఒకటి 2008లో ఆ గీత దాటింది. షికాగోలో డెలివరీ పనికి తిరిగిన 2007 నిస్సాన్ ఫ్రాంటియర్ 2020లో దాటింది.

టండ్రా లెక్క కట్టి చూడండి. తొమ్మిదేళ్లలో పది లక్షలు అంటే రోజుకి మూడొందల మైళ్లు. ఆదివారం కూడా సెలవు లేదు. అలాంటి బండి ఇంజిన్ పొద్దున్న ఒకసారి వేడెక్కితే రాత్రిదాకా చల్లారదు. ఇంజిన్ ఎక్కువగా అరిగేది చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో. ఆ అరుగుదల రోజుకి ఒక్కసారే. హైవే మీద టాప్ గేర్లో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, బ్రేకు, క్లచ్ పని తక్కువ. అదే పది లక్షల మైళ్లు అయిదేసి మైళ్ల చొప్పున తిరగమంటే ఏ బండీ తిరగదు.

ఫ్రాంటియర్ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 2005–10 ఫ్రాంటియర్ ఆటోమేటిక్ బండ్లకి పెద్ద జబ్బు ఒకటుంది. రేడియేటర్ లోపలే గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే గొట్టం ఉంటుంది. అది పగిలితే కూలెంట్ వెళ్లి గేర్‌బాక్స్ ఆయిల్‌లో కలుస్తుంది. రెండూ కలిసి గులాబీరంగు పాలలా తయారవుతాయి. ఆ రంగు కనిపించిందంటే గేర్‌బాక్స్ దాదాపు పోయినట్టే. మరి అదే ఏళ్ల బండి పది లక్షల మైళ్లు ఎలా పోయింది? అది నాలుగు సిలిండర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్‌బాక్స్. ఆ గొట్టం పగిలినా కలవడానికి అక్కడ ఆటోమేటిక్ గేర్‌బాక్సే లేదు. మూడు గడుల కాగితం గీయమన్నది ఇందుకే.

మనకి కనిపించని బండ్ల సంగతీ ఉంది. రోడ్డు మీద ముప్పై ఏళ్ల టయోటా హైలక్స్ పికప్ కనబడితే "చూశారా" అంటాం. దాంతో పాటు పుట్టి తుక్కుకి పోయినవి ఎన్నో మనకి కనబడవు. హైలక్స్ 1968 నుంచి లెక్కలేనన్ని దేశాల్లో అమ్ముడవుతోంది. ఎక్కువ అమ్మిన బండే ఎక్కువ మిగులుతుంది. హైలక్స్ గట్టిది కాదనడం లేదు. రోడ్డు మీద కనబడటం ఒక్కటే దానికి రుజువు కాదంటున్నాను.

ఆరో అడుగు: బండి మీద పడే పని ఏంటో చూడండి

ఇది త్వరగా చెప్పేస్తాను, ఒక్క విషయం తప్ప. బరువు లాగే బండి గేర్‌బాక్స్ ఆయిల్ త్వరగా కాలుతుంది. సముద్రపు గాలి, రోడ్డు ఉప్పు ఛాసిస్‌ని తింటాయి. దుమ్ము దారుల్లో ఎయిర్ ఫిల్టర్ మార్చకపోతే సిలిండర్ల బోరు అరుగుతుంది. డీజిల్ బండిని చిన్న చిన్న దూరాలే తిప్పితే సైలెన్సర్లోని డీపీఎఫ్ ఫిల్టర్ మసితో మూసుకుపోతుంది.

అయితే చివరి మాట కూడా అన్నిసార్లూ నిజం కాదు. 2015–20 మధ్య ఆస్ట్రేలియాలో అమ్మిన టయోటా డీజిల్ హైలక్స్, ప్రాడో, ఫార్చ్యూనర్ బండ్ల డీపీఎఫ్ మీద పెద్ద కేసు నడిచింది. అక్కడ లోపం బయటపడింది హైవే మీద, గంటకి వంద కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతున్నప్పుడు. డీజిల్‌కి ఏది మేలని మనం చెప్పుకుంటామో సరిగ్గా అక్కడే. ఆ ఇంజిన్ గురించి అడిగేటప్పుడు "హైవే మీద తిరిగింది" అన్న మాట విని మురిసిపోకూడదు.

అన్నాను కదా, ఒక్క విషయం దగ్గర ఆగుతానని. అది ఇంజిన్ గంటలు. ఈమధ్య చాలా పికప్‌లలో డాష్‌బోర్డు మెనూలోకి వెళ్తే ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది. మైళ్లని ఆ గంటలతో భాగించండి. ఒక బండి 60,000 మైళ్లు, 4,000 గంటలు అనుకుందాం. సగటు వేగం గంటకి 15 మైళ్లు. అంటే అది ఎక్కడో పని జరిగేచోట ఏసీ వేసుకుని గంటలకొద్దీ ఆన్‌లోనే నిలబడింది. ఇంకోటి 1,50,000 మైళ్లు, 3,750 గంటలు. సగటు 40 మైళ్లు. మీటరు చూస్తే రెండోది ముసలిది, ఇంజిన్‌ని అడిగితే మొదటిదే ముసలిది. నిలబెట్టి నడిపిన ఒక్కో గంటని 25 నుంచి 33 మైళ్ల ప్రయాణంతో సమానంగా లెక్కిస్తుంటారు. నేనైతే రెండో బండే తీసుకుంటాను, ఛాసిస్ బాగుంటే.

ఏడో అడుగు: బండి కిందకి దూరండి

ఇక నా సంగతి. మంచి పేరున్న బ్రాండ్, తక్కువ మైళ్లు, ఒక్కరి చేతి బండి. కింద టార్చి వేసి చూస్తే ఛాసిస్ నల్లగా నిగనిగలాడుతోంది. "ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో" అని మెచ్చుకుని మరీ కొన్నాను. ఆరు నెలల తర్వాత వెనక చక్రాల కమాన్ పట్టీలు తగిలించే చోట స్ప్యానర్ జారి తగిలితే పెచ్చు ఊడి పడింది. నల్ల రంగు కింద తుప్పు, తుప్పు కింద గాలి. ఆ రంగు అమ్మకానికి వారం ముందు కొట్టిందని తర్వాత అర్థమైంది.

అప్పటినుంచి నేను చేసే పని ఇది. చిన్న సుత్తి పట్టుకుని బండి కింద వెల్లకిలా పడుకుంటాను. వెనక యాక్సిల్ పైన ఛాసిస్ వంపు తిరిగే చోటు, కమాన్ పట్టీల కొనలు బిగించిన చోటు, స్పేర్ టైరు పైభాగం. ఈ మూడు చోట్ల మట్టి, నీళ్లు చేరి లోపలినుంచి తింటాయి. కొత్త కుండ తట్టినట్టు తట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. చెడ్డచోట చప్పుడు మొద్దుగా, తడి చెక్క మీద కొట్టినట్టు వస్తుంది. ఛాసిస్‌కి పక్కన కన్నాలుంటాయి, వాటిలోంచి వేలు పెట్టి లోపలి గోడ తడమండి. వేలికి ఎర్రపొడి అంటితే సరే, పొరలు ఊడి వస్తే లేచి దుమ్ము దులుపుకుని వచ్చేయండి. పాత బండి ఛాసిస్ మీద కొత్త రంగు కనబడితే సుత్తి ఇంకాస్త గట్టిగా వాడండి. అమ్మేవాళ్లు అభ్యంతరం చెబితే అదీ ఒక జవాబే.

2015 మోడల్ నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం. ఎర్ర తుప్పు రాదు. దాన్ని చూసి కింద కూడా అంతే అనుకోవద్దు, ఛాసిస్ ఉక్కుదే.

ఇంజిన్ విషయంలో ఒకే ఒక్క నియమం: చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయాలి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎవరో ముందే స్టార్ట్ చేసి ఏదో శబ్దం దాచారని అనుమానించండి, మర్నాడు వస్తానని చెప్పండి. తొలి పది సెకన్లు చెవి ఒగ్గి వినండి. ఒకటి రెండు సెకన్ల టకటక ఆయిల్ పైకెక్కేదాకా మామూలే. అర నిమిషం దాటినా ఒకే సిలిండర్ వైపు నుంచి టిక్ టిక్ ఆగకపోతే లిఫ్టరో, క్యామ్ ఫేజరో, ఎగ్జాస్ట్ బోల్టు విరిగిందో అయ్యుండాలి. మూడోదైతే బతికిపోయినట్టే.

గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ ఉంటే తీసి తెల్ల కాగితం మీద ఒక్క చుక్క వేయండి. ఎర్రగా పారదర్శకంగా పరుచుకుంటే మంచిది. గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వస్తే బాగా బరువు లాగిన బండి. వెనక ట్రైలర్ తగిలించే హిచ్ బాల్ అరిగి మెరుస్తుంటే ఆ అనుమానం రుజువైనట్టే. ఇప్పటి బండ్లలో చాలావాటికి డిప్‌స్టిక్కే తీసేశారు, "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అంటారు. ఎవరి లైఫ్‌టైమో అడిగితే చెప్పరు. గేర్‌బాక్స్ పోయేదాకా ఎలాగూ ఆ ఆయిలే ఉంటుంది కాబట్టి మాట తప్పినట్టు కాదు మరి.

ఎనిమిదో అడుగు: ఇప్పుడు బ్రాండ్ పేరు చెప్పండి

ఇంతా అయ్యాక, నన్ను నిలదీసి అడిగితే దాటవేయను. మధ్యస్థాయి పికప్‌లలో హైలక్స్, ఇసుజు డీ-మాక్స్ నా మొదటి రెండు. రెండూ పనికోసం పుట్టినవి, విడి సామాను ఎక్కడైనా దొరుకుతుంది. ముసలితనంలో బండిని బతికించేది ఇంజిన్ కంటే విడి సామానే. పెద్ద పెట్రోల్ పికప్‌లలో 5.7 వీ8 ఉన్న 2007–21 టండ్రా, కాకపోతే తొలి రెండేళ్ల వాటి ఛాసిస్ తట్టి చూశాకే. దాని తర్వాత 5.0 లీటర్ల ఎఫ్-150. బరువులు లాగడానికి పాత 12 వాల్వుల కమిన్స్, గేర్‌బాక్స్ మాన్యువల్ అయితేనే. ఫ్రాంటియర్ 2011 తర్వాతది అయితే జనం అనుకునే దానికంటే చాలా మంచిది. బరువు పెద్దగా మోయనివాళ్లకి రిడ్జ్‌లైన్. పికప్ మనుషులు దాన్ని కారని వెక్కిరిస్తారు, అది మాత్రం నవ్వుతూ తిరుగుతుంది. ఒక్కటే, లక్ష మైళ్ల ప్రాంతంలో టైమింగ్ బెల్టు మార్చాలి. మార్చలేదంటే ఆ ఖర్చు మీ నెత్తిన పడ్డట్టే.

గత మూడు నాలుగేళ్లలో కొత్త ఇంజిన్‌తో వచ్చిన ఏ పికప్ గురించైనా "మన్నుతుంది" అనేవాళ్లని నమ్మకండి, అది ఏ బ్రాండైనా. కొత్త ఇంజిన్ వచ్చిన తొలి రెండేళ్లు వదిలేసి మూడో ఏడాది నుంచి చూడటం నా అలవాటు. 2024 మేలో టండ్రా రీకాల్ వచ్చింది ఆ తొలి రెండేళ్ల బండ్లకే.

తొమ్మిదో అడుగు: కొన్న వారంలోనే

పాత యజమాని ఏం చెప్పినా సరే, ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, ముందూ వెనకా డిఫరెన్షియల్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చేయండి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ని మర్చిపోకండి, అందరూ మర్చిపోయేది దాన్నే. దానికి ముందు కనీసం ఇంజిన్ ఆయిల్‌ని చిన్న సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపండి. అందులో రాగి, సీసం ఎక్కువుంటే బేరింగులు అరుగుతున్నట్టు, సిలికాన్ ఎక్కువుంటే దుమ్ము లోపలికి పోతున్నట్టు, సోడియమో పొటాషియమో కనబడితే కూలెంట్ కలుస్తున్నట్టు. ఇంజిన్ విప్పకుండా లోపలి సంగతి తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

గ్లవ్ బాక్స్‌లో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. మొదటి పేజీలో మూడు గడులు, అంటే ఇంజిన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్, ఛాసిస్ చూసిన తేదీ. రెండో పేజీ నుంచి ప్రతి ఆయిల్ మార్పుకీ తేదీ, మైళ్లు, పక్కనే ఇంజిన్ గంటలు. తర్వాతిసారి ఆ నలుగురూ చేరి గొడవ మొదలుపెట్టినప్పుడు ఆ పుస్తకం బల్ల మీద పెట్టి, మీ బండివి కూడా చూపించండి అని అడగండి.